డాబా మీద గుడారం

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎక్కడో సముద్రపు ఒడ్డున నిలబెట్టిన ఒక చక్రాల ఇంటిని చూపించింది. లోపల మంచాలు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, బయట ఇసకలో వరసగా గుడారాలు. సెలవుల్లో అందరం వెళ్దామనీ, బండి కావాలో గుడారం కావాలో చెబితే బుక్ చేసేస్తాననీ అంది. తర్వాత చెబుతాలే అని వంటింట్లోకి వెళ్ళాను గాని, అప్పటి నుంచీ నాకు కుదురు లేదు. రాయపూరులో ఈ దేవేంద్ర నగర్ ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మోకాళ్ళ నొప్పులతో కూర్చున్న మావారు పేపరు దించి, మళ్ళీ మొదలైందా నీకు అన్నారు. అవును, మొదలైంది. నా వయసువాళ్ళకి చెబితే అర్థమవుతుందని ఇదంతా రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. మావారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, మేం క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా రెండు వైపులవాళ్ళదీ శ్రీకాకుళం జిల్లాయే అయినా, వేసవి రాగానే పాసు రాయించుకుని మేం దిగేది మాత్రం విశాఖపట్నంలో మా ఆడపడుచుగారింట్లో. ఆవిడ మావారికి అప్ప, అంటే అక్క, నాకు వదిన. చాలా మంచి మనిషి, అది ముందే చెప్పాలి. కాని చుట్టపుచూపుగా వెళ్ళిన కోడలి బతుకు ఎలా ఉంటుందో మీకు తెలియనిదా? పొద్దున్న లేస్తే పప్పు రుబ్బడం, వచ్చేపోయేవాళ్ళకి కాఫీలు, మధ్యాహ్నం పంక్తులు, సాయంత్రం పదిమందిమీ ఆటోల్లో ఇరుక్కుని బీచికి వెళ్ళి, మురీ మిక్చరు తిని, పిల్లలు తడిసిపోయారని తిట్టుకుంటూ రాత్రి వంట వేళకి ఇల్లు చేరడం. రాయపూరు ఎండల్లో ఏడాదంతా సముద్రం సముద్రం అని కలవరించే నేను అక్కడికి వెళ్ళి గిన్నెలు చూసి వచ్చేదాన్ని. ఒక్కసారి, ఒక్క పొద్దున్న, పక్క మీంచి లేవగానే ఎదురుగా సముద్రం కనిపించాలని, ఆ రోజు నాకు ఎవరూ ఏ పనీ చెప్పకూడదని నాకు చచ్చేంత కోరికగా ఉండేది. ఎవరితో అంటే ఏం బాగుంటుంది, అనేదాన్ని కాదు.

అన్నది మా తమ్ముడితోనే. వాడు రాయపూరులోనే టాటీబంధ్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకుని అక్కడే స్థిరపడ్డాడు. షెడ్డు వెనక ఎవరో వదిలేసిపోయిన పాత మెటడోరు వ్యాను ఒకటుంటే, దాని యజమానిని బతిమాలి తీసుకుని, ఇంజను బాగుచేయించి, లోపల రెండు వైపులా బల్లలు కొట్టి మంచాలు చేశాడు, నీళ్ళ డ్రమ్ముకి కుళాయి బిగించాడు. కారవాన్ అనే మాట అప్పటికి మాకు తెలియదు, ఇల్లుబండి అనుకునేవాళ్ళం. లారీ సరుకు మీద కప్పే టార్పాలిను, ఇక్కడి మాటలో తిర్పాల్, కుట్టే మనిషి చేత గుడారం కూడా కుట్టించాడు. అది గుప్పుమని కంపు కొట్టేది, మోయడానికి ఇద్దరు కావాలి, అయినా దాన్ని చూస్తే నాకు పట్టుచీర చూసినంత సంబరంగా ఉండేది.

ఇక ప్రయాణం అయ్యేదాకా నేను ఎవర్నీ స్థిమితంగా ఉండనివ్వలేదు. స్టవ్వు సర్దడం, మళ్ళీ విప్పడం, చింతపండు ఎందుకైనా మంచిదని ఇంకాస్త పెట్టడం, ఇసకలో దోమలుంటాయా అని డ్యూటీకి వెళ్తున్న మావారిని గుమ్మంలో ఆపి అడగడం. ఒక సాయంత్రం క్వార్టరు ముందు గుడారం వేసి చూద్దామని నేనే పట్టుబట్టాను. గుంజలు పాతి తాళ్ళు లాగుతుంటే పక్క క్వార్టరావిడ గోడ మీంచి చూసి, "కా హోగే దీదీ, క్వార్టర్ ఖాలీ కరత్ హవ్ కా?" అంది. క్వార్టరు ఖాళీ చేసేస్తున్నామని భయపడింది పాపం. సముద్రం పక్కన పడుకోవడానికని నా వచ్చీరాని హిందీలో చెబితే, ఆ ఊళ్ళో మీ చుట్టాలిల్లు ఉంది కదా అని ఆశ్చర్యపోయింది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఊళ్ళో మనవాళ్ళ ఇల్లుండగా బయట పడుకుంటే, వాళ్ళని వీధిలో పెట్టి అవమానించినట్టే మాలో లెక్క. హోటల్లో దిగిన ఒక బంధువుతో ఏళ్ళ తరబడి మాటలు లేకుండా ఉన్నవాళ్ళని నేనెరుగుదును. అందుకని వదినకి ముందు చెప్పకూడదనీ, విజయనగరంలోనే రోడ్డు తిరిగి, విశాఖపట్నం మొహం చూడకుండా నేరుగా భీమిలి పోయి సరుగుడు తోట పక్కన దిగాలనీ, తిరుగుప్రయాణంలో వెళ్ళి కలవాలనీ మావారిని ఒప్పించాను. ఆయన ఒప్పుకున్నారు కూడా.

తెల్లవారుజామున బయల్దేరి రాయపూరు అవతలి మందిర్ హసౌద్ దాటేసరికి నాకు పాట పాడాలనిపించింది. మహాసముంద్, రాయగడ, బొబ్బిలి, ఘాట్లలో మెటడోరు ఆయాసపడినప్పుడల్లా దిగి నడిచాం, పిల్లలు వాంతులు చేసుకున్నారు, నాకు ఏదీ కష్టమనిపించలేదు. విజయనగరం వచ్చింది. భీమిలి రోడ్డు దగ్గర తమ్ముడు బండి నెమ్మది చేశాడు. మావారు గొంతు సవరించుకుని, అప్పకని మన దుబరాజ్ వాసనబియ్యం బస్తా ఒకటి తెచ్చాను, వీధి గుమ్మంలో దించేసి వెంటనే వచ్చేద్దాం, దిగొద్దు కూడా అన్నారు. మంచం కింద బస్తా దాచి తెచ్చిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. విశాఖపట్నం వైపు వెళ్తూ అప్ప గుమ్మం తొక్కకుండా పోవడం ఆయన వల్ల కాలేదు. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది, నా సముద్రం అయిపోయిందని.

వదిన వీధిలోకి వచ్చి, బండి తలుపు తీసి, మంచాలూ పొయ్యీ గుడారమూ అన్నీ చూసింది. కోప్పడితే బాగుండేది. మావారి వైపు తిరిగి, "ఏటిరా, మీ అప్ప ఇల్లు ఇరుకైపోనాదేటి? నానుండగా ఇసకలో పడుకుంటే నలుగురూ ఏటనుకుంటార్రా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావారు తల దించుకుని బియ్యంతో పాటు సామానంతా దించేశారు. నేను బండిలోంచి దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. వదినే వచ్చి చెయ్యి పట్టుకుని దింపింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ ఏడు వాళ్ళింట్లో నిజంగానే ఇరుకు, వెనక గది రిపేరులో ఉంది. మేం ఫ్యాను కింద హాయిగా పడుకోవాలని, వదినా అన్నయ్యగారూ పిల్లలూ మా గుడారం డాబా మీదికి మోయించి, వేయించుకుని, ఉన్నన్ని రోజులూ అందులో పడుకున్నారు. నేనేమో వాళ్ళ మంచం మీద పడుకుని, పైన వాళ్ళు నవ్వుకుంటున్న చప్పుడు వింటూ పళ్ళు కొరుక్కున్నాను. ఆ డాబా మీంచి సముద్రం కనిపించదు, ఎదురుగా ఎవరివో నీళ్ళ ట్యాంకులు. పొద్దున్నే వదిన దిగి వచ్చి, వొళ్ళంతా చల్లగా ఉందే మరదలా, ఎంత మంచి గుడారం తెచ్చారు అని మెచ్చుకునేది. నేను పప్పు రుబ్బుతూ ఊ కొట్టేదాన్ని. ఆవిడ మీద నాకు అప్పుడు ఒళ్ళు మండిపోయింది, ఆ మాట దాచడం దేనికి.

మళ్ళీ వెళ్దాం మళ్ళీ వెళ్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. మెటడోరు ఇనుము కింద పోయింది, తమ్ముడికి సొంత షెడ్డు వచ్చి తీరిక పోయింది. వదిన పోయి కూడా చాలా కాలమే అయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆవిడ కొడుకు ఉంటున్నాడు, పైన రెండంతస్తులు వేశాడు, గదులకి లోటు లేదు.

నిన్న వాడికి ఫోను చేశాను. ఎలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ మాటలు కూడగట్టుకుని, పిల్లలు సరదా పడుతున్నారు నాయనా, నువ్వేమీ అనుకోకు, మీ ఇంటికి కాకుండా ఆ బీచి దగ్గర గుడారాల్లో దిగుదామనుకుంటున్నాం అని నసుగుతూ చెప్పాను. వాడు వెంటనే, "మంచి పని అత్తా, అక్కడ బావుంటదంట. లొకేషన్ పంపించు, వీలైతే ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చి ఓ గంట కలిసెళ్తాం" అన్నాడు. ఎంతో ప్రేమగానే అన్నాడు, వాడి మాటలో తప్పేమీ లేదు. వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి, మా పిల్లలైనా అంతే అంటారు.

ఫోను పెట్టేశాక మనవరాలు వచ్చి, అమ్మమ్మా బుక్ చేసేయనా అంది. చేసేయమన్నాను. చేసేసింది. ఎవరింటికీ చుట్టంగా కాకుండా, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా సముద్రం పక్కన పడుకోవాలని ఇన్నేళ్ళు వేగిపోయినదాన్ని, ఇప్పుడు నిశ్చింతగా ఉండొచ్చు కదా. ఉండలేకపోతున్నాను. నేనుండగా మీరు ఇసకలో పడుకుంటారా అని ఆ ఊళ్ళో ఒక్కరైనా దెబ్బలాడితే బాగుండునని ఉంది.