బెల్మీరోకు పదకొండుమంది తోబుట్టువులు

పెద్రా మన్సా బస్టాండులో కాఫీ అమ్మే ఒదీలాకు, గ్లాసు చేతికిచ్చే ముందు యోగక్షేమాలు అడగందే తోచేది కాదు. “మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది? మీ చెల్లెలు పురుడు పోసుకుందా?” అని అడిగేది. మినాస్ కొండల్లో ఎవరైనా అలాగే పలకరిస్తారు గానీ, జవాబు పూర్తిగా వినేదాకా ఆగేది మాత్రం ఆమె ఒక్కతే.

ఆమెకు ఇరవై ఆరేళ్లప్పుడు ఆ దారిలోకి బెల్మీరో అనే కొత్త డ్రైవరు వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి.

“ఇంట్లో అందరూ బాగున్నారా డ్రైవరుగారూ?”

“బాగున్నారండీ.”

“అందరూ అంటే? ఎవరెవరో చెప్పాలిగా!”

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. “పెద్దక్క జెనొవేవా. కోళ్లు పెంచుతుంది.”

ఆ వారమంతా ఒదీలా కోళ్ల సంగతే అడిగింది. పై వారం అన్న సంగతి వచ్చింది. అలా వారానికొకరు చొప్పున పదకొండుమంది తేలారు. ఆఖరివాడు లెయొకాదియో కాలు విరగ్గొట్టుకున్నాడని తెలిసి, ఒదీలా చర్చిలో తొమ్మిది రోజులు కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసింది.

కాలు నయమైందన్న రోజునే బెల్మీరో నసుగుతూ, “ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అమ్మ రమ్మంది,” అన్నాడు.

ఒదీలా పదకొండు పొట్లాల జామపండు హల్వా కట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసి తీసుకెళ్లింది. అయిదు పొట్లాలకు మనుషులు దొరికారు. ఆరు బల్ల మీదే మిగిలిపోయాయి.

“లెయొకాదియోగారి కాలు ఎలా ఉందండీ?” అని బెల్మీరో తల్లి పెర్పేతువాను అడిగింది.

“ఏ లెయొకాదియో తల్లీ? మా గాడిద పేరది. దాని నాలుగు కాళ్లూ నిక్షేపంలా ఉన్నాయి.”

బెల్మీరో చిక్కుడుగింజల గిన్నెలోకి తల దించేశాడు. జెనొవేవా పగలబడి నవ్వింది.

“నేను గాడిద కోసం తొమ్మిది రోజులు మొక్కానా?” అంది ఒదీలా, నడుం మీద చేతులు పెట్టుకుని.

“మరేం చెయ్యను? ఉన్న అయిదుగురూ అయిదు వారాల్లో అయిపోయారు. ఆ తర్వాత నువ్వు నన్నేం అడుగుతావు?” అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఇంట్లోవాళ్లే ఎప్పుడూ వినలేదు.

“నిన్నే అడిగేదాన్ని, మొద్దు మనిషీ! అది సరే, మా ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారని నువ్వెప్పుడైనా అడిగావా?”

బెల్మీరో చెంచా కింద పెట్టాడు. “ఎలా ఉన్నారు ఒదీలా, మీ ఇంట్లోవాళ్లు?”

ఊరందరినీ అడిగే మనిషికి ఆ ప్రశ్న ఎదురుపడటం అదే మొదటిసారి. నడుం మీది చేతులు దించి చెప్పింది. తల్లి పోయి పదేళ్లయిందట. తండ్రికి చూపు తగ్గిందట. అయినా ఆయన వాసన చూసే కాఫీగింజలు వేయిస్తాడట, మాడిందని ఒక్కరితోనూ అనిపించుకోలేదట. అన్నం చల్లారిపోయినా ఎవరూ ముద్ద ఎత్తలేదు.

“ఆ మిగిలిన పొట్లాలు మీ నాన్నకి తీసుకెళ్లు. వచ్చే ఆదివారం ఆయన్నీ తీసుకురా,” అంది పెర్పేతువా కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఆదివారం బెల్మీరో ముసలాయన్ను తన బస్సులోనే, ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. రోడ్డు పక్కన ఎదురుచూస్తున్న పెర్పేతువా ఆయన చెయ్యి పట్టుకుని పిల్లలిద్దరి పెళ్లి మాటలు అక్కడే మొదలుపెట్టింది. బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది. ప్రయాణికులు ఒక్కరూ విసుక్కోలేదు. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ముహూర్తం జూన్‌లోనా జులైలోనా అని తలా ఓ మాట వేశారు.