పది పేర్లు, పది వేళ్లు

చాలా ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. బరువు అందామనుకున్నాను. కానీ అది మర్యాదకు వాడే మాట. ఇది కంపు. ఎంత కడుక్కున్నా చేతిని వదలనిది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో హాజరు చూసే ఉద్యోగం చేశాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. తప్పు రాయనని పేరు. ఒక సీజను చివర్లో మాకు వేలిముద్రల యంత్రం వచ్చింది. అది ఎంత మసక ముద్ర వరకు ఒప్పుకోవాలో తేల్చడానికి, తయారు చేసినవాళ్లకు మా మనుషుల మాదిరి ముద్రలు కావాలి. ఎలా తీయాలో వాళ్ల ఇంజనీరు ఫోనులో చెప్పాడు. కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి, ఒక్క వరుసలో ఆయన చెప్పిన ఆదేశం, దాని చివర మనిషి పేరు టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ఆ మనిషి గాజు మీద వేలు పెడితే ముద్ర ఆ పేరుతో ఫైలుగా నిలిచిపోతుంది. కాయలు కోసే ఆడవాళ్లలో పది మందివి చాలన్నాడు. చేతులు మాత్రం కడిగించవద్దని, పనిలోంచి లేచినవాళ్లను లేచినట్టే రమ్మనాలని మరీ మరీ చెప్పాడు.

ఆ చేతులు మీరు చూసి ఉండరు. తోతాపురి మామిడి సొనకు వేళ్ల కొసలు కాలి తోలు లేచిపోయేది. సొన అంటకుండా వాళ్లు రాసుకునే ఆముదం, ఆ సొన కలిసి గోళ్ల సందుల్లో నల్లటి జిగురుగా పేరుకునేది. మొదట మునెమ్మను పిలిచాను. తొడిమలు తుంచే చోట కూర్చునే మనిషి, సొన అందరికంటే ఆమెకే ఎక్కువ. ఆమె వేలు పట్టుకుని గాజు మీద ఆనించాలి. చేయి చాపింది. పులిసిన వాసన. పట్టుకోబోయిన నా చేయి వెనక్కి తీసుకున్నాను. రేపు చూద్దాంలే అని పంపేశాను.

తలుపు వేసుకున్నాను. పది పేర్లూ వరుసగా టైపు చేస్తూ, ఒక్కో పేరుకు నా వేలు ఒక్కొక్కటి పెట్టాను. ప్రతిసారీ గాజు తుడిచాను కూడా. తప్పు చేసేటప్పుడు కూడా ఎంత పద్ధతి నాకు. డైరీలో ‘మాదిరులు పూర్తి’ అని రాసి పడుకున్నాను.

ఆ ఫైళ్లు చూసి తయారు చేసినవాళ్లు, కాగితం తప్ప ఎరగని నా నున్నటి వేళ్లకు తగ్గట్టు, మసక ముద్ర ఒప్పుకోకుండా యంత్రాన్ని బిగించారు. మరుసటి సీజను మొదట్లో, చేతులు బాగున్నప్పుడు, అందరి వేళ్లూ నమోదయ్యాయి. సొన మొదలయ్యాక కొందరివి నాలుగైదుసార్లు నొక్కితే గానీ పడేవి కావు. మునెమ్మది అసలు పడలేదు. నమోదు రోజున ఆమె తన చెల్లెలి వేలు పెట్టించిందని మేనేజరు అనుమానం. తాను రాని రోజుల్లో చెల్లెలు వచ్చి నొక్కిపోవడానికట. నన్ను పిలిపించాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

“యంత్రం ఎవురికీ సుట్టం కాదప్పా. శాంపిళ్లు తీసింది నువ్వే కదా. ఇట్లాంటి చేతులవి తీసినావా లేదా?” అన్నాడు మేనేజరు.

“తీసినాను.”

“నాది తీయలేదే సారూ. రేపు అంటిరి,” అంది మునెమ్మ.

“తీసినాను మునెమ్మా. నువ్వే మరిచిపోయినట్టుండావు.”

మేనేజరు ఫైళ్లు తెరిచి చూశాడు. ఆమె పేరు ఉంది. ఇక ఆమె అబద్ధాలకోరు అయిపోయింది.

మునెమ్మ తన వేళ్లు చూసుకుని చిన్నగా నవ్వింది. “నా ఏలు నేను మరిచిపోతానా సారూ? ఈడనే కదా అరిగిపాయ,” అంది. ఆ పూటే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఎందుకు నోరు తెరవలేదు? పరువు పోతుందనా? నిజం చెప్పి మాదిరులు మళ్లీ తీయడం ఒక పూట పని, అంతే. సొన అంటే నాకు పడదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మా ఇంట్లో ఏటా ఆవకాయకు కాయలు కొట్టేది నేనే. అదే సొన, నా మోచేతుల దాకా కారేది. ఏనాడూ చేయి వెనక్కి తీసుకోలేదు. మరి ఆ రోజు నాకు అసహ్యం వేసింది దేని మీద? సొన మీద కాదు. ఆ చేతి మీద. ఆ చేయి మునెమ్మది కావడం మీద. ఇప్పుడు నా చేయి చూసుకుంటే అదే అసహ్యం.

క్షమించమనడం లేదు. ఆమె ఎక్కడుందో నేను ఏనాడూ వెతకలేదు. డైరీలో రాయనిది ఇక్కడ రాస్తున్నాను. మునెమ్మ పేరుతో ఉన్న ఆ ముద్ర నా కుడిచేతి బొటనవేలిది.