మూడో ఫోటో

ఈ మాటలు ఇప్పుడే రాయాలి. ఆలస్యమైతే రాసి లాభం లేదు. మా మిస్ పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం చనిపోయారు. ఆమె తీసిన ఫోటోలు త్వరలో కువైట్ నగరంలో షర్క్ అనే పేటలో ఒక చిన్న హాలు గోడలకు ఎక్కబోతున్నాయి. వాటిలో ఉన్నవాళ్ళు చాలామంది మనవాళ్ళే. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చి కువైట్ ఇళ్ళలో పనిచేసినవాళ్ళు. కొందరు ఇంకా ఇక్కడే ఉన్నారు, కొందరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళు సరే అంటేనే వాళ్ళ ఫోటో గోడకు ఎక్కుతుంది. అది మిస్ జీవితమంతా పాటించిన పద్ధతి. ఆ పద్ధతి ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

కబురు నాకు చెప్పింది బ్నీద్ అల్ గార్‌లో ఆమె ఉండే పాత బిల్డింగు కాపలాదారు. అందరూ హారిస్ అని పిలిచే ఈజిప్టు పెద్దాయన. ఫోన్ ఎత్తగానే "నీ టీచర్ ఖలాస్" అన్నాడు. ఈ ఊళ్ళో ఖలాస్ అనే మాట పొద్దున లేచిన దగ్గర నుంచి వింటూనే ఉంటాం. పని అయిపోతే ఖలాస్, గ్యాస్ అయిపోతే ఖలాస్. అందుకేనేమో నాకు వెంటనే తలకెక్కలేదు. "ఏం ఖలాస్?" అని అడిగాను. ఆయన, "కెమెరా బల్ల మీదే ఉంది. మూత తీసి ఉంది. మూసేయనా?" అన్నాడు. అప్పుడు అర్థమైంది.

మిస్‌ది కరీబియన్ సముద్రంలో గ్రెనడా అనే చిన్న దీవి. పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పే టీచరుగా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. ఆమె ఊళ్ళో టీచరును మిస్ అంటారట. మా బళ్ళోనూ అంతే కాబట్టి నాకు ఆ పిలుపు సులువుగా అలవాటైంది. మనవాళ్ళకు మాత్రం ఆమె వెస్టిండీస్ మేడం. సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసే మా మేనమామ ఆమెను మొదటిసారి చూసినప్పుడు నా పక్కకు జరిగి, "వెస్టిండీసోళ్ళా? అయితే బౌలింగ్ ఇరగదీస్తాదేమో, కనుక్కో పాపా" అన్నాడు. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్తే మిస్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. "బౌలింగ్ రాదు. నేను దూరంగా నిలబడే ఫీల్డర్‌ని. బంతి నా వైపు వచ్చేదాకా ఎదురుచూడ్డమే నాకు తెలిసిన ఆట" అన్నారు.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. డిగ్రీ అయ్యాక, అమ్మ ఇళ్ళల్లో పనిచేసే ఈ దేశానికే వచ్చి, బ్నీద్ అల్ గార్‌లో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. పాస్‌పోర్టుకూ, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామాకూ ఫోటోలు తీయడం నా పని. మిస్ ఒక రోజు ఇఖామా ఫోటో కోసమే మా స్టూడియోకు వచ్చారు. "గడ్డం కొంచెం దించండి. నవ్వకండి" అన్నాను. చెప్పినట్టే చేశారు. ఫోటోలు చేతికిచ్చాక, "పొద్దున్నుంచి చాలామందికి తీసి ఉంటావు. అందులో ఒక్క ముఖం ఎలా ఉందో చెప్పు" అని అడిగారు. ఎంత ఆలోచించినా నాకు ఒక చొక్కా రంగు తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఆమె తప్పు పట్టలేదు. "శుక్రవారం మా ఇంటికి రా. మీ ఇంట్లోవాళ్ళకు సెలవుంటే వాళ్ళనూ తీసుకురా" అన్నారు.

అలా మొదటి శుక్రవారం నేను, అమ్మ వెళ్ళాం. ఒక గది, పెద్ద కిటికీ, కిటికీ పక్కన నీలం రంగు వేసిన చెక్క కుర్చీ. అమ్మ చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు కట్టుకుని, "సలాం మామా" అంది. పనిచేసే ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి కదా, ఆ అలవాటు. మిస్ తనకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో, "నేను మామాను కాను. నీకు నేను పని చెప్పను. టీ కూడా నేనే పెడతాను" అన్నారు. అమ్మ నా వైపు తిరిగి, "ఏందమ్మే, ఆయమ్మ పెడితే నేను తాగాల్నా?" అంది. తాగింది. ఆ పూట నుంచి ముఖం మీద అక్కా అనీ, వెనక ఆయమ్మ అనీ అంటూ వచ్చింది.

కుర్చీలో కూర్చోమంటే అమ్మ వెన్ను నిటారుగా పెట్టి, చెవులు కనపడేలా కొంగు వెనక్కి లాగి, కెమెరా వంక కళ్ళార్పకుండా చూసింది. నేను రోజూ చూసే ముఖమే అది. అమ్మకు తెలిసిన ఫోటో అదొక్కటే. పాస్‌పోర్టుకు, వీసాకు, ఇఖామాకు, కూర్చోమన్నప్పుడల్లా ఆమె అలాగే కూర్చుంది. నేను "అమ్మా, అట్ల కాదు" అనబోతే మిస్ వద్దన్నారు. ఆ ఫోటో శ్రద్ధగా తీశారు. "ఇది సర్కారు వాళ్ళకు" అన్నారు.

తర్వాత అమ్మకు ధైర్యం వచ్చింది. లేచి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఇంకో చెయ్యి నడుం మీద పెట్టి, చిన్నగా నవ్వుతూ నిలబడింది. మామా వాళ్ళ కారు పక్కన, షాపింగ్ మాల్ మెట్ల మీద అలా నిలబడి దిగిన ఫోటోలు నాకు చిన్నప్పుడు ఊరికి వచ్చేవి. మిస్ అదీ తీశారు. "ఇది ఊరికి" అన్నారు. ఆ తర్వాత ఆమె కెమెరాను స్టాండుకు బిగించి, పక్కన ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, "ఇప్పుడు మూడోది. ఇది నీకు" అన్నారు.

అమ్మకు ఏం చేయాలో తెలియలేదు. "యాడ సూడాల పాపా? నగాల్నా? ఊరికే కూసుంటే ఫోటో ఎట్లొస్తాది?" అని అడుగుతూనే ఉంది. మిస్ ఏమీ చెప్పలేదు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ మూడో ఫోటో దగ్గర ఇలాగే ఆగిపోతారని తర్వాత చూశాను. ఒక రాయచోటి పెద్దమ్మ లేచి కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టింది. మా మేనమామ జేబులోంచి కారు తాళాలు తీసి తిప్పుతూ కూర్చున్నాడు. ఇంతకాలం ఇంకొకరి కోసమే ఫోటో దిగినవాళ్ళు తమ కోసం దిగమంటే ఏం చేస్తారు? మిస్ ఎదురుచూసేవారు. కొందరి మూడో ఫోటో కోసం ఎన్నో శుక్రవారాలు ఎదురుచూశారు.

అమ్మ ఏం చేసిందంటే, నిద్రపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే, తల పక్కకు వాల్చి. ఎండ ముఖం మీద పడుతుంటే మిస్ లేచి తెర జరిపారు. కిటికీ వెలుగులో అమ్మ ముఖం చూసి నేను ఉండబట్టలేక, "ఇప్పుడు తీయండి మిస్" అని గుసగుసలాడాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "నిద్రలో ఉన్న మనిషి నాకు సరే అనలేదు" అన్నారు. టీ చల్లారిపోయింది. కింద వీధిలో జుమ్మా నమాజు నుంచి జనం తిరిగి వెళ్ళిపోయారు. మిస్ పీట మీద నుంచి కదల్లేదు. అమ్మ కళ్ళు తెరిచింది. తానెక్కడుందో ఇంకా గుర్తు రాని ఒక్క క్షణం మా వైపు చూసింది. కెమెరా చిన్న చప్పుడు చేసింది. ఒక్కటే ఫోటో. రెండోది తీయలేదు.

ఆ ఫోటో అచ్చవడం నేను దగ్గరుండి చూశాను. మిస్ ఫిల్మునే వాడేవారు, ఇంట్లోనే కడిగేవారు. స్నానాల గది కిటికీకి పాత నల్ల అబాయా గుడ్డ కట్టి, ఎర్ర బల్బు పెట్టుకునేవారు. ఇక్కడ వేసవిలో చన్నీళ్ళ కుళాయి తిప్పినా కాగే నీళ్ళే వస్తాయని మీకు తెలుసు. ఆ నీళ్ళకు ఫిల్ము పాడైపోతుంది. అందుకని ఆమె పొద్దున్నే షర్క్ చేపల మార్కెట్‌కు వెళ్ళి మంచు తెచ్చేవారు. ఎన్నడూ ఒక చేప కొనని మనిషికి ఆ చేపలవాళ్ళు మంచి మంచు వేరుగా తీసిపెట్టేవారు. ఆ గదిలో ఎప్పుడూ మందుల వాసనతో పాటు చేపల వాసన ఉండేది. "దీవిలో మా ఇల్లు కూడా ఇదే వాసన. అందుకే ఇక్కడ నాకు పని సాగుతుంది" అనేవారు.

తెల్ల కాగితం మందు నీళ్ళలో వేశాక మొదట ఏమీ కనపడలేదు. తర్వాత నీడలాగా జుట్టు వచ్చింది, తర్వాత కళ్ళు. నేను మిస్ చెయ్యి పట్టుకున్నాను. మా స్టూడియోలో రోజూ ఫోటోలు మిషన్లోంచి జారిపడతాయి, నేను కత్తిరించి ఇస్తాను. ఒక ముఖం ఇలా మెల్లగా వచ్చి ఎదురుగా నిలుస్తుందని నాకు తెలియదు. అందులో ఉన్నది నాకు తెలిసిన అమ్మ కాదు. నా చిన్నప్పుడే కువైట్ వచ్చేసిన అమ్మ నాకు ఫోన్‌లో గొంతుగా, పెట్టెలో వచ్చే బట్టలుగా తెలుసు. ఈ ముఖం మీద ఏ పనీ లేదు, ఏ బెంగా లేదు, నేను కూడా లేను. ఎవరి కోసమూ కాని మనిషి ఉంది. అమ్మకు చూపిస్తే చాలాసేపు పట్టుకుని కూర్చుని, "నువ్వు పుట్టకముందు నేను ఇట్లుంటి. ఈ మనిషిని ఆయమ్మ యాడ పట్టుకొచ్చిందిమే?" అంది.

మొదటి అచ్చు ఎప్పుడూ ఫోటోలో ఉన్నవాళ్ళదే. ఇచ్చేటప్పుడు మిస్ అడిగేవారు: "ఒక రోజు దీన్ని గోడకు పెట్టనా?" అప్పుడు సరే అన్నవాళ్ళను కూడా, నిజంగా పెట్టే ముందు మళ్ళీ అడగాలనేవారు. ఆ రోజు సరే అన్న మనిషి ఈ రోజుకు మారి ఉండవచ్చు అని.

ఎందుకంత పట్టింపు అని ఒకసారి అడిగాను. వాళ్ళ దీవికి ఓడల్లో తెల్లవాళ్ళు వస్తారట, కనిపించినదంతా ఫోటో తీసుకుని వెళ్తారట. వాళ్ళ అవ్వ రేవులో చేపలమ్మేది. ఒక రోజు ఊళ్ళో అంగడికి వెళ్తే, అక్కడ అమ్మకానికి పెట్టిన కార్డు మీద ఆమె ఉంది. చీలమండలదాకా బురద, వట్టి కాళ్ళు, చేతిలో చేప. ఆ అవ్వ కోప్పడలేదట. బతికినంతకాలం ఒక్క మాటే అనేదట: "నన్ను అడిగుంటే చెప్పులేసుకుని వచ్చేదాన్ని." మిస్ ఆ మాట చెప్పి, "నేను ఫోటోలు తీయాలనుకున్నది ఆ మాట విన్న రోజే. కెమెరా పట్టుకోవడం త్వరగానే వచ్చింది. అడగడం నేర్చుకోవడానికే ఇంత కాలం పట్టింది" అన్నారు.

ఆ మూడో ఫోటోలన్నీ ఒక్క చోట వేలాడాలన్నది ఆమె కోరిక. చూపించిన చోటల్లా, బాగున్నాయి గానీ వీటిలో కువైట్ ఎక్కడుంది అన్నారట. టవర్లు లేవు, ఒంటెలు లేవు, ఎడారి లేదు. "ఉంది. కుర్చీలో కూర్చుని ఉంది" అని చెప్పి, ఫోటోలు సంచిలో పెట్టుకుని వచ్చేవారు. బాధపడినట్టు నాకెప్పుడూ కనపడలేదు. మరుసటి శుక్రవారానికి మళ్ళీ మంచు తెచ్చుకునేవారు. చివరికి ఆమె దగ్గర చిన్నప్పుడు బొమ్మలు నేర్చుకున్న ఒక కువైటీ ఆవిడ షర్క్‌లో తన హాలు ఇస్తానంది. మిస్ వెళ్ళి గోడలు తడిమి చూసి, అన్ని ఫోటోలకూ మేకులు కొట్టించమన్నారు. "ఎవరైనా వద్దంటే?" అన్నాను. "మేకు ఉండనీ. ఇక్కడొక మనిషి ఉంది, రావాలని లేదు అని తెలుస్తుంది కదా" అన్నారు.

మేకులు కొట్టడం అయింది. అడగడం సగంలో ఉండగా మిస్ వెళ్ళిపోయారు. దేహం ఆమె దీవికి చేరింది.

ఆ కువైటీ ఆవిడ మంచి మనసుతోనే, "అన్నీ పెట్టేద్దాం. ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు చూడొస్తారా, ఎవరు కాదంటారు?" అంది. నేను ఆమెకు రేవులో అవ్వ సంగతి చెప్పాను. "అయితే నువ్వే అడుగు" అంది. అందుకే ఇది రాస్తున్నాను.

అడిగినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. ఆమె భయం ఆమెది. "మా మామా సూస్తే, పనిలో ఇట్లనే నిద్రపోతాదేమో అనుకుంటాది. ఊర్లో సూస్తే, ఈయమ్మ కువైట్‌లో ఇంత అలసిపోయిందా అనుకుంటారు. ఇన్నేండ్లు నవ్వే ఫోటోలే పంపిస్తి" అంది. నాకు ఆ ఫోటో గోడ మీద చూడాలని ఎంత ఆశ ఉందో అమ్మకు తెలుసు. అయినా నేను బతిమాలలేదు. బతిమాలితే అది మూడో ఫోటో కాదు, నా ఫోటో అవుతుంది.

పోయిన శుక్రవారం తనంతట తానే, "సెప్పకముందు ఆ గోడ ఒకసారి సూడొచ్చునా?" అని అడిగింది. తీసుకెళ్ళాను. ఖాళీ తెల్లగోడలు, వరసగా మేకులు. "నాది ఏది?" అంది. కిటికీకి ఎదురుగా ఉన్నది చూపించాను. అమ్మ దాని ముందు నిలబడి, తన ముఖం ఎత్తుకు సరిపోతుందా అని అరచేత్తో కొలిచింది. మేకును వేలితో అటూ ఇటూ కదిపి చూసింది. తర్వాత భుజానికున్న సంచి తీసి దానికి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసింది. సంచి కదలకుండా వేలాడింది. "గట్టిగనే కొట్టినారు" అంది. సంచి తీసి భుజాన వేసుకుని, "సెప్తాలే. నాక్కూడా పదో తేదీ దాకా టైముంది గదా" అంది.

మీలో ఎవరైనా, లేదా మీ అమ్మో, అక్కో, మామో బ్నీద్ అల్ గార్‌లో నీలం కుర్చీలో కూర్చుని ఉంటే, దయచేసి ఈ పత్రికకు ఒక్క ముక్క రాయండి. సరే అన్నా, వద్దు అన్నా, చెప్పులేసుకుని వస్తాం, మళ్ళీ తీయండి అన్నా సరే. మళ్ళీ తీయాల్సివస్తే ఆ కెమెరా ఇప్పుడు నా దగ్గరుంది, ఎదురుచూడ్డం నేర్చుకుంటున్నాను. మీ జవాబు వచ్చే నెల పదో తేదీ లోగా చేరాలి.