పౌడరు సారు

శ్రీపతి గారికి ఒకటే జబ్బు. మొహానికి పౌడరు అద్దనిదే, తలకు దువ్వెన తగలనిదే ఎవరి ఫోటో తీయరు. జేబులో దువ్వెన, సంచిలో పౌడరు డబ్బా, మెడలో కెమెరా. పసిబిడ్డ నుంచి పండుముసలి దాకా ఎవరికీ మినహాయింపు లేదు. ఒకసారి మేకపిల్లకు కూడా రాశారని గిట్టనివాళ్లు అంటారు. మేకను ఎత్తుకున్న పిల్లకు రాస్తుంటే ఒలికిందని ఆయన అంటారు.

ఆయన పనిచేసేది పేదరికం మీద, అసమానతల మీద యుద్ధం ప్రకటించిన ఒక లండన్ సంస్థలో. తొంభై ఒకటిలో చిక్కడపల్లిలో పిండిగిర్నీ పైన ఒక్క గదిలో మొదలైన ఆ యుద్ధం, తొంభై ఆరుకల్లా అశోక్‌నగర్‌లో రెండంతస్తులకు, ఒక జీపుకు, ఒక ఫ్యాక్స్ మిషన్‌కు విస్తరించింది. పేదరికం సంగతేమో గానీ సంస్థ మాత్రం బాగా ఎదిగింది.

ఆ ఎదుగుదలకు ఎరువు ఫోటోలే. దీనమైన మొహాలు చూస్తేనే అక్కడి దాతల మనసు కరుగుతుంది. శ్రీపతి గారి ఫోటోల్లోనేమో బస్తీ మొత్తం పెళ్లికి బయల్దేరినట్టు ఉండేది. ఫ్యాక్స్ మిషన్ గుర్రుమన్నప్పుడల్లా ఆఫీసు ఇన్‌ఛార్జి సులోచన గుండె గుభేలుమనేది.

"సార్, వీళ్లు నిజంగ పేదోళ్లేనా అని అడుగుతున్నరు."

"పౌడర్ రాస్కుంటె పేదరికం పోతదా అమ్మా? అట్లయితే మనకు ఆఫీసెందుకు, డబ్బాలు పంచితె సరిపోతది కద!"

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు. కానీ ఆ ఏడు నవ్వులాట కాదు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి బస్తీలో, పాలమూరు నుంచి వచ్చిన కూలి తల్లులు పిల్లలను వదిలి పనికి వెళ్లే బాలవాడి ఒకటుంది. కొత్త బ్రోచర్‌లో మంచి ఫోటో పడితేనే దానికి డబ్బులొస్తాయి, లేదంటే మూతే. ఆ ఫోటో తీయడానికి లండన్ నుంచి మార్గరెట్ అనే దొరసాని స్వయంగా దిగింది. సులోచన ముందుజాగ్రత్తగా శ్రీపతి గారిని కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు కదిలితే నా మీద ఒట్టే" అని జీపెక్కింది.

బస్తీలో దొరసాని కన్ను ఆశమ్మ మీద పడింది. చెదిరిన జుట్టు, చంకలో ఏడుస్తున్న బిడ్డ, వెనక గోనెపట్టాల గుడిసె. ముచ్చటపడి కెమెరా ఎత్తింది. ఆశమ్మ కొంగుతో మొహం కప్పేసుకుంది.

"పౌడర్ సారు రాలే?"

"ఆయనకు పనున్నది. ఒక్క ఫోటోనే కద ఆశమ్మా, జర నిలబడు."

"సారు రాంది ఫోటో దిగ మేడం. బాలవాడి మూసినా సరే."

సులోచనకు ఒళ్లు మండింది. "గింత పౌడర్ కోసం పిల్లల్ని ఎండల కూసోబెడ్తవా? ఏంది నీ పంతం?"

"పంతం కాదు మేడం. అప్పట్ల వానలకు గుడిసె మునిగితే, నెత్తి ఇరబోసుకొని ఏడుస్తుంటి. ఎవరో ఫోటో తీసుకపోయి, చందాల కోసమని నారాయణగూడ చౌరస్తాల ఇంత పెద్ద బోర్డు పెట్టిండ్రు. కూలోళ్లంత నన్ను ఏడుపుమొకందాన అని పిలుసుడు. సిగ్గుకు గా తొవ్వ ఇడిసిపెట్టి, చుట్టు తిరిగి పనికి పోయేదాన్ని. ఎందుకమ్మా గింత దూరం నడుస్తున్నవని శ్రీపతి సారొక్కడే అడిగిండు. గప్పటి సంది సారు సంచిల డబ్బ ఉంటది."

ఆ డబ్బాకు ఇంత కథ ఉందని ఆ మనిషి ఒక్కనాడూ చెప్పలేదు! సులోచనకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో అంత కోపమూ వచ్చింది. ఆశమ్మ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పేసి, ఆ ఊపులోనే, "మీ పాస్‌పోర్టు ఫోటోకు మీరు తల దువ్వుకోలేదా?" అని మార్గరెట్‌ను అడిగేసింది. అడిగాక, బాలవాడి పోయినట్టే అనుకుంది.

మార్గరెట్ కెమెరా దించింది. మొహం ఎర్రబడింది. "దువ్వుకున్నాను. లిప్‌స్టిక్ కూడా వేసుకున్నాను" అంది.

జీపు వెళ్లి శ్రీపతి గారిని తెచ్చింది. ఆయన దిగుతూనే అందరినీ వరస కట్టమన్నారు. ఆశమ్మకైంది, బిడ్డకైంది. మార్గరెట్ వంతు వచ్చింది.

"ఆమెకెందుకు సారూ? తెల్లగనే ఉన్నది కద!" అంది ఆశమ్మ.

"అసమానతలు పోవాలంటె ఇట్లనే మొదలువెట్టాలె" అని ఆయన దొరసాని ముక్కుకు కూడా అద్దారు.

కొన్నాళ్లకు బ్రోచర్ వచ్చింది. ఫోటో అట్ట మీద కాదు, లోపలెక్కడో పడింది. అయినా చూసినవాళ్లకు నచ్చింది. బాలవాడి మూతపడలేదు. సులోచన ఆ పేజీ పట్టుకెళ్లి చూపిస్తే, ఆశమ్మ తన మొహాన్ని తానే ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది.

"మేడం, గీ ఫోటో చౌరస్తాల పెట్టరా?"

"మళ్ల బోర్డా? ఎందుకే?"

"పెట్టుండ్రి, జర పెద్దగ. రేపటి సంది నేను గా తొవ్వల్నే పనికి పోత."