చౌడప్ప వ్యానుకొచ్చిన నోటీసు

చౌడప్పకున్నది ఒకే ఒక్క వింత. వ్యాను ఎక్కితే నిదానం. మామూలు నిదానం కాదు. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు ఆయన బయలుదేరితే, ఆడవాళ్ళు దారిలో దిగి, పూలు బేరమాడి, నడిచొచ్చి మళ్ళీ అదే వ్యాను ఎక్కేవారు. మేకలు ఆయన్ను దాటిపోయేవి. వాటికేం తొందరో పాపం అనుకునేవాడు.

కారణం వాళ్ళ మగ్గాల వీధి. అక్కడ పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాచి గంజి పెడతారు. ఆ నూలు పక్కనే ఆయన స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. ఒక్క పోగు తెగినా వీధంతా తిట్టేది. హైవే ఎక్కినా ఇప్పటికీ పక్కన పడుగు ఉందన్నట్టే తోలుతాడు. అందుకే తల్లులు బడిపిల్లల్ని ఆయన వ్యానులోనే పంపుతారు. ఇల్లు గడిచేది దాని మీదే.

అలాంటి మనిషికి అతివేగం నోటీసు వచ్చింది. నాలుగు నెలల కిందట, ఆడికృత్తిక కావళ్ళ పండగ ముందు రోజు చేసిన నేరానికి కార్తీక దీపాల నాటికి వచ్చింది.

"ఇదేదో నీ వ్యానులోనే వచ్చినట్టుంది మామా" అన్నాడు పక్కింటి మునెయ్య.

చౌడప్ప నోటీసును మర్యాదగా చూశాడు. నిదానంగా వచ్చేవంటే ఆయనకు గౌరవం. డబ్బు కట్టేద్దాంలే అన్నాడు.

భార్య తిరుమలమ్మకు ఒళ్ళు మండింది. ఆ రోజంతా మొగుడు ఇంట్లో కూర్చుని పూలకావడి కట్టినాడని ఆమెకు బాగా గుర్తు. డబ్బు కడితే తప్పు ఒప్పుకున్నట్టే. అప్పుడు ఏ తల్లి పిల్లల్ని పంపుతుంది? నోటీసు చెల్లదని చెప్పడానికి వీధిలో సగం మందిని సాక్షులుగా వ్యానులోకి ఎక్కించింది. తిరువళ్ళూరు ఆర్టీఓ ఆఫీసు మూసే వేళకు చేరారు.

ఆఫీసరు నటరాజన్ రోడ్డు కెమెరా తీసిన ఫోటో చూపించి, ఎవరు తోలినారని అడిగాడు.

"నేనే సార్" అన్నాడు చౌడప్ప.

సాక్షులు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఇంత వేగం ఎందుకని అడిగాడు.

"ఆశగా ఉండింది సార్."

తిరుమలమ్మ నోరు తెరిచింది. అప్పుడే ఫోటో కంటబడింది. మొహం తెలియడం లేదు కానీ, కిటికీలోంచి నీలం గళ్ళ చొక్కా చేయి కనబడుతోంది. ఆ పొద్దున ఆ చొక్కాకు గుండీ కుట్టిచ్చింది తనే. ఎదురింటి గుణ ఇంటర్వ్యూకు పోతున్నానని తెచ్చాడు. ఇప్పుడు వాడు గుమ్మిడిపూండి కంపెనీలో బస్సు డ్రైవరు. పనిలో ఇంకా నిలదొక్కుకోలేదు. వేగం కేసు ఉందని తెలిస్తే మరుసటి రోజే ఇంటికి పంపుతారు.

ఆమె నోరు మూసుకుంది.

"అమ్మా, మీరు చెప్పండి. ఈయన ఇట్లా తోలుతారా?"

"తోలుతాడు సార్. పక్కన కూర్చుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాల."

మునెయ్య ఆమెకు గాలి సోకిందేమో అన్నట్టు చూశాడు.

నటరాజన్ పెన్ను కింద పెట్టాడు. "నేనొకసారి ఈ వ్యాను వెనకాల ఇరుక్కున్నాను. మా అక్క కూతురి పెళ్ళి ముహూర్తం దాటిపోయింది. పోయేసరికి జనం తిని చేతులు కడుక్కుంటా ఉండారు. ఇది ఇంత వేగంగా పోయిందంటే నేను నమ్మను. కేసు కొట్టేస్తాను, పొండి."

"లేదు సార్, నేనే..."

"ఇంకొక్క మాటంటే అబద్ధం చెప్పినారని రాస్తా."

చౌడప్ప చిన్నబుచ్చుకున్నాడు.

తిరుగుదారిలో సాక్షులు టీకి దిగి వెనకాలే నడిచొస్తున్నారు. వ్యానులో ఇద్దరే మిగిలారు.

"గుణకు తాళం యాడ ఇచ్చినావు? నాకు తెలీకుండా."

"వీధి చివర, పొద్దున కావడికి పూలు తెచ్చేటప్పుడు. బస్సులన్నీ కావళ్ళ జనంతో నిండిపోయినాయి. ఇంటర్వ్యూకు టైము లేదు. నేను దించుతాలేరా అంటే వాడు ఏడ్చినంత పని చేసినాడు. సరే అని తాళమే ఇచ్చేసినా."

తిరుమలమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఒక మేకల మంద వాళ్ళను దాటిపోయింది. వెనకే సాక్షులు కూడా దాటిపోయారు. మునెయ్య చెయ్యి ఊపాడు.

"పొద్దు గూకుతా ఉంది, కొంచెం తొక్కయ్యా."

"వద్దే" అన్నాడు చౌడప్ప. "నోటీసొస్తుంది."