మహలుకు ముందువైపు

మా అక్కను సినిమా పార్కుకు పంపవచ్చునా, కూడదా అన్న ప్రశ్న వర్షాలు తగ్గిన తరువాతి ఆదివారం నా ముందుకు వచ్చింది. కామాఠీపురలో చాల్ అని పిలిచే మా వరుస గదుల మేడవాళ్ళు కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు. నగరం దాటి కొండల వైపు వెళితే, సినిమా సెట్టింగుల నమూనాతో కట్టిన వినోద ఉద్యానం ఒకటుంది. ఉదయం ఆరింటికి నాగ్‌పాడా మూల నుంచి బయలుదేరి, చీకటి పడ్డాక తిరిగి రావాలి. బస్సులో సీట్లు నలభై రెండు. మా అక్క వయసు ఎనభై. ఆమె ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. మూడో అంతస్తు నుంచి వీధిలోకి దిగడానికి ఆమెకు పద్నాలుగు నిమిషాలు పడుతుంది; రెండుసార్లు గడియారం చూసే ఈ మాట రాస్తున్నాను. అయినా జాబితాలో అందరికంటే ముందు పేరు ఇచ్చింది ఆమే.

ఇంట్లోవాళ్ళు తీర్పు నాకు వదిలిపెట్టారు. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర ముప్ఫై ఏడేళ్ళు కొలతల గుమాస్తాగా పనిచేశాను. ఈ రోజు గోడ ఎంత లేచింది, గిలాబా ఎంత మేరకు పూశారు, ఎక్కడ ఎన్ని అంగుళాల మందం వచ్చింది అని టేపు పట్టి చూసి పుస్తకంలో ఎక్కించడం నా పని. మేస్త్రీ ‘పని మంచిగొచ్చింది’ అంటే ఆ మాటకు పుస్తకంలో గడి లేదు. పొడవు, వెడల్పు, తేదీ, వీటికే గడులు. ఉద్యోగం వదిలిన తరువాత కూడా ఆ అలవాటు వదలలేదు. డాక్టరును ఎంచుకోవాలన్నా, ఊరికి వెళ్ళే రైలు నిర్ణయించాలన్నా మా వాళ్ళు నన్నే అడుగుతారు.

అయితే అక్క ఆ పార్కుకు వెళ్ళాలనుకున్నది ఊయలలకోసం కాదు, నీటి జారుడుబల్లలకోసం కాదు. ఒక మహలును ముందువైపు నుంచి చూడడానికి.

ఆ కోరిక పుట్టిననాటికి నాకు పదకొండేళ్ళు, అక్కకు ఇరవై. మా బావ ప్లాస్టర్ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. మా తాతలు పాలమూరు వైపు నుంచి ఈ నగరానికి గోడలు కట్టడానికే వచ్చారు; ఆ పని తరాలుగా చేతులు మారుతూ వచ్చింది. ఆ వేసవిలో బావ బృందానికి ఒక సినిమా స్టూడియోలో పని దొరికింది. రాజమహలు కట్టాలి. ఇటుకతో కాదు. కర్రలతో చట్రం నిలబెట్టి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టా దానిమీద పరిచి, పైన నునుపు తేల్చాలి. మగవాళ్ళు ముందువైపు పరంజా మీద. ఆడవాళ్ళు వెనుకవైపు. అక్క ప్లాస్టర్ కలిపి, గమేలా అని పిలిచే ఇనుప తట్టలో ఎత్తి, చట్రం సందులోంచి ముందుకు అందించేది. అందుకునే చెయ్యి బావది. ఆమెకు మణికట్టు వరకే కనిపించేది.

పంతొమ్మిది రోజులు ఆమె ఆ మహలును వెనుక నుంచే చూసింది. కర్రలు, మేకులు, వేలాడే గోనె పోగులు. ముందు నేల మీద చలువరాయిలాగా రంగు దిద్దారని ఆడకూలీలను అటు రానివ్వలేదు. చివరిరోజు మధ్యాహ్నానికే కూలీల పెద్ద ముకద్దం అందరినీ పంపించివేశాడు. ఆ పనిలో అది ఆనవాయితీ. షూటింగు దీపాలు వెలిగే వేళకు కట్టినవాళ్ళెవరూ అక్కడ ఉండరు.

ముందువైపు ఎలా ఉందో బావ అన్నం తింటూ చెప్పేవాడు. పన్నెండు స్తంభాలు. ఒక్కొక్క స్తంభం తలమీద రెండేసి నెమళ్ళు. అన్నీ అచ్చుల్లో పోసినవే. ఒకటి మాత్రం ఎక్కించేటప్పుడు పగిలితే, దాని చోట ఇంకొకటి చేత్తోనే మలిచాడు. దాని మెడ కొంచెం పొట్టిగా వచ్చిందట. “సినిమా వచ్చినంక చూపిస్త. గా పొట్టి మెడది నాది” అనేవాడు.

సినిమా వచ్చింది. ఫోరస్ రోడ్ వైపు నడిచి పోగలిగేంత దూరంలో ఉన్న హాలులో పడింది. బావ, అక్క, అక్క ఒళ్ళో తొమ్మిది నెలల కొడుకు, పక్కన నేను. మహలు వచ్చే ఘట్టం చివర్లో ఉంది. సరిగ్గా దానికి ముందు పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. చుట్టూ జనం కసురుకుంటే అక్క వాడిని ఎత్తుకుని బయటి వరండాలోకి పోయింది. ఆమె తిరిగి వచ్చేసరికి తెర నిండా మంట. కథ ప్రకారం మహలు కాలిపోవాలి. దానికోసమే సెట్టును నిజంగానే కాల్చివేశారు. ఆ సినిమా మా హాలులో వారం ఆడింది. ఆ వారంలో మళ్ళీ వెళ్ళడానికి వీలు పడలేదు. ఇప్పుడు మా మనుమరాలు ఫోన్‌లో ఎంత వెతికినా అందులోవి రెండు పాటలే దొరికాయి, మహలు దొరకలేదు. బావ పోయి పంతొమ్మిదేళ్ళయింది.

మనుమరాలు అంటే అక్క కొడుకు కూతురు, ఆనాడు ఏడ్చిన ఆ పిల్లవాడి కూతురు. పార్కు వీడియో తెచ్చి నాయనమ్మకు చూపించింది ఆమే. అందులో తెల్లని మహలు, వెడల్పాటి మెట్లు, స్తంభాల వరుస. అక్క ఫోన్ మీద వేలు పెట్టింది. బొమ్మ ఆగిపోయింది.

“గిది అదే” అంది.

“ఏది అవ్వా?”

“మీ నాయన ఏడ్సి నన్ను చూడనియ్యని మహల్.”

“బాప్ రే! సాఠ్ సాల్ కా గుస్సా!” అని, అరవై ఏళ్ళ కోపమా అన్నట్టు మనుమరాలు పకపకా నవ్వింది. “పప్పాకి చెప్తా, మాఫీ అడగమని.”

“అక్కా, అది కాలిపాయె. మంట నువ్వే చూస్తివి గద” అన్నాను.

“కాలింది గోనె, కర్ర. అచ్చులు కాలుతయా? అచ్చులు దాసివెట్టి ఉంటరు. వాటితోనే మల్ల పోసిండ్రేమో, నీకేమెరుక? నువ్వు టేపు వట్టినోనివి, ప్లాస్టర్ వట్టినోనివి గావు.”

ఇది బయటివాళ్ళకు పిచ్చిమాటలాగా అనిపించవచ్చు. ప్లాస్టర్ పనివాళ్ళ ఇళ్ళలో అది పిచ్చిమాట కాదు. పని కూలిపోయినా అచ్చు మిగిలి ఉంటే పని మిగిలి ఉన్నట్టే. మా బావ కూడా కొన్ని అచ్చులను మంచం కింద ఏళ్ళ తరబడి దాచాడు. అరవై ఏళ్ళు నిలిచే అచ్చు నేను చూడలేదు గాని, చూడనంత మాత్రాన లేదని రాయడానికి నా పద్ధతి ఒప్పుకోదు. అందుచేత వెళ్ళి చూసి వచ్చి చెబుతానన్నాను.

బుధవారం ఒక్కడినే బయలుదేరాను. ప్రయాణం రెండు గంటల నలభై నిమిషాలు, నడుమ బస్సు ఒక్కచోట ఆగింది. పార్కు గేటు నుంచి మహలు వరకు నా అడుగులతో ఐదువందల అరవై. దారిలో కూర్చోవడానికి బెంచీలు ఏడు, వాటిలో నీడ ఉన్నవి మూడు. మహలుకు మరుగుదొడ్డి తొంభై అడుగుల దూరంలో ఉంది. మెట్లు పద్దెనిమిది; పట్టుకోవడానికి కడ్డీ కుడివైపు మాత్రమే. ఎడమ మోకాలు వంగని మనిషికి ఎక్కేటప్పుడు అది సరిపోతుంది, దిగేటప్పుడు సరిపోదు. పక్కన చక్రాల కుర్చీకి వాలుదారి ఉంది. స్తంభాలు లెక్కపెట్టి, ఒకదాని ఎత్తూ చుట్టుకొలతా రాసుకున్నాను.

ఆ తరువాత మహలు వెనుకకు వెళ్ళాను. ఏ కట్టడం దగ్గరికి పోయినా మా వాళ్ళ కాళ్ళు ముందుగా వెనుకదారినే పడతాయి. ఇసుక ఎక్కడ పోశారో, నీటి తొట్టి ఎక్కడుందో అక్కడే కదా తెలిసేది. వెనుక గోడను వేలి కణుపుతో తట్టాను. ఇటుక. గిలాబా రెండు పూతలు. కిటికీ చట్టాలు ఇనుపవి. పునాది ఎత్తు కొలిచాను. వంటశాల తలుపు, చెత్త బండ్లు నిలిపే చోటు, పని మనుషులు చెప్పులు విడిచే చోటు, అన్నీ రాసుకున్నాను. కాపలా మనిషి వచ్చి మర్యాదగానే మరాఠీలో, “కాకా, ఎంట్రీ పుఢూన్ ఆహే” అన్నాడు. దారి ముందునుంచి ఉందని. సరేనని తల ఊపి, ఇంకొక మూల కొలిచాను. తిరుగు బస్సుకు వేళయింది.

ఇల్లు చేరాక కాళ్ళు కడుక్కుని, గదుల ముందున్న నడవా గ్యాలరీలో కూర్చున్నాను. అక్క ఎదురుగా వెదురు పీట మోడా మీద, మనుమరాలు గడప మీద. పుస్తకం తెరిచి వరుసగా చదివాను. దూరం, బెంచీలు, మెట్లు, కడ్డీ. తరువాత అసలు సంగతి చెప్పాను. “ఇది ఇటుకతోని కట్టింది అక్కా. స్తంభాలు పద్నాలుగు. మనది పన్నెండు. అది మన మహల్ గాదు.”

అక్క నొచ్చుకున్నట్టు కనిపించలేదు. “స్తంభాల తలకాయల మీద ఏమున్నయ్?” అంది.

నేను పుట తిప్పాను. ఇంకొకటి తిప్పాను. ఎత్తు ఉంది, చుట్టుకొలత ఉంది. తలల మీద ఏముందో లేదు.

“నెమళ్ళు ఉన్నయా, లేవా?”

“రాయలేదు.”

“రాయకుంటే పాయె. చూసినవా?”

“మెట్లు, స్తంభాలు లెక్కవెట్టిన. ఆ తర్వాత వెనకకు వోయిన.”

“అంత దూరం వోయి, టికెట్ దీసుకొని, వెనక గోడ చూసొచ్చినవా?”

మనుమరాలు ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. “తాతా, కమాల్ హై! కచరా పెట్టె ఫోటో కూడా తీసినవా?”

అక్క నవ్వలేదు. వీధిలోకి చూస్తూ అంది: “మీ బావ చూసిండు. నువ్వు చూసినవ్. ఒర్రుతున్న పోరన్ని వట్టుకొని నేనొక్కదాన్నే బయట నిలవడ్డ. ఆయన ఉన్నన్ని దినాలు గదే చెప్పుకుంట నవ్వెటోడు, తెర మీద మస్తుగొచ్చిందని.”

అప్పుడు నాకు తెలిసింది, అరవై ఏళ్ళుగా ఆమె దగ్గర ఒక తప్పు లెక్క ఉందని. దాన్ని సరిదిద్దగలిగిన మనిషిని నేనొక్కడినే మిగిలానని కూడా.

“బావ చూడలేదక్కా” అన్నాను.

“ఏంది?”

“మహల్ రాంగనే లేచి నిలవడ్డడు. తలుపు దిక్కు తిరిగిండు, నువ్వొస్తవేమోనని. నాతోని, ‘నువ్వు లెక్కవెట్టు, ఎంతసేపు ఉంటదో’ అన్నడు. నేను పదకొండు లెక్కవెట్టిన. అంతల మంట వచ్చింది. వెనకోళ్ళు కూసో కూసో అని తిట్టిండ్రు. కూసోలే. పదకొండూ ఆయన తలుపు దిక్కే చూసిండు. తెర చూడనే లేదు.”

గ్యాలరీలో ఎవరో ఆరేసిన బట్టల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. మనుమరాలు నవ్వు ఆపింది.

“మరి నాతోని మస్తుగొచ్చిందన్నడు?” అంది అక్క.

“తను చేసింది చెప్పిండు. తెర మీద చూసింది గాదు.”

“నువ్వు చూసినవా?”

“తెల్లగ ఉండె. నేను లెక్కవెడుతున్న.”

ఆమె లేచి లోపలికి పోయింది.

నా తీర్పు ఆ రెండు రోజుల్లో మారింది. ఇది మా మహలు కాదు. తేదీలు కుదరవు, స్తంభాలు కుదరవు. అయినా ఎనభై ఏళ్ళ మనిషి తన చేత్తో అందించిన ప్లాస్టర్ ఎలాంటి రూపు తీసుకొని ఉంటుందో, ఆ జాతి కట్టడం ఒకదాన్నైనా ముందు నిలబడి చూడవలసిందే అనిపించింది. చక్రాల కుర్చీ గురించి ఫోన్ చేసి అడిగాను. గేటు దగ్గర ఇస్తామన్నారు. శుక్రవారం మనుమరాలు జాబితా పట్టుకుని వచ్చినప్పుడు, “పోవచ్చు. పోవాలె. నేను గూడ వస్త, నా పేరు గూడ రాయి” అన్నాను.

అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే అంది: “నా పేరు కొట్టెయ్యి బిడ్డా.”

“అరే, ఎందుకు అవ్వా? తాత హా అన్నడు గద! కుర్చీ కూడా ఇస్తరంట.”

“తెర మీద ఆయన గూడ చూడలే. ఇంక నేనొక్కదాన్ని చూసి ఏం జేస్త?”

“ఆయన చూడకుంటే నువ్వు చూడొద్దా? కాయ్ అవ్వా, ఇది ఏం లాజిక్?” మనుమరాలు నా వైపు చూసింది. ఒకరు చూసి ఒకరు చూడకపోవడం అక్కకు అరవై ఏళ్ళు గుచ్చుకున్నదని నాకు అర్థమయింది. ఇప్పుడు ఆ తేడా లేదు. మనుమరాలు కాసేపు బతిమాలి, నేనూ ఉండిపోతానంటే రెండు పేర్లూ కొట్టివేసి, వర్లిలో ఉన్న తన స్నేహితురాళ్ళకు ఆ సీట్లు చెప్పింది.

ఆదివారం బస్సు ఆరుంబావుకు కదిలింది. మా వరుస మొత్తం ఖాళీ అయింది. ఎప్పుడూ నాలుగైదు టీవీలు ఒకేసారి మోగే మా అంతస్తులో నీటి మోటారు చప్పుడు తప్ప మరేమీ లేదు. నేను చాయ్ పెట్టి రెండు గ్లాసులు గ్యాలరీలోకి తెచ్చాను. అక్క గ్లాసు అందుకుని కొంగుతో చుట్టి పట్టుకుంది.

“తలుపు దిక్కు చూస్తున్నప్పుడు మొఖం ఎట్లుండె?” అంది.

“చీకటక్కా. కనవడలే.”

“పక్కకే ఉంటివి గద.”

“పక్కకే ఉన్న. జర సేపు ఆయన దిక్కు చూసిన, గని మొఖం యాదిల లేదు. చెయ్యి ముందటి కుర్చీ మీద ఉండె.”

“కుడి చెయ్యా, ఎడమదా?”

నేను గ్యాలరీ కడ్డీ మీద ఒక చెయ్యి, తరువాత రెండోది ఆనించి చూశాను.

“ఎడమది” అంది అక్క. “ఎదురుచూసినప్పుడు ఎడమ చెయ్యే ఆనిచ్చెటోడు. కనుబొమలు దగ్గరకొచ్చేటియి. పెదవి కొరికెటోడు. ఏం గాలే అన్నట్టు నిలవడెటోడు గని, ఒక్క కాలు గూడ కుదురుగ ఉండకపోతుండె.” చాయ్ ఒక గుక్క తాగింది. “పనిల గూడ గంతే. నేను గమేలా అందియ్య ఆలస్యమైతే, సందుల నుంచి వేళ్ళు ఆడిచ్చెటోడు.”

ఇంకా చెబుతూనే ఉంది. ఆమె చూపు ఎదుటి చాల్ గోడ మీద ఉంది. నేను ఆమె చెబుతున్న మనిషిని, చీకటి హాలులో తలుపు వైపు తిరిగి నిలబడ్డవాడిని, ముఖంతో సహా చూడాలని ప్రయత్నిస్తూ కూర్చున్నాను. వేళ్ళు కనిపించాయి. కనుబొమలు దాదాపు కనిపించాయి.