పరదా వెనక చెల్లె

కిషన్‌బాగ్‌లో మాది పాడి ఇల్లు. ఆరు బర్రెలు, ఇద్దరు పిల్లలం: నేను, నాకంటే అయిదేళ్ళు చిన్నదైన చెల్లె. కన్నది అమ్మే అయినా దాని మీద పెత్తనమంతా నాది. నీళ్ళు నేనే పోయాలి, అన్నం నేనే కలపాలి. ఇంకెవరైనా ముట్టుకుంటే లొల్లి చేసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక పొద్దున వాడికె ఇళ్ళకు పాలు పోయడానికి వెళ్తూ అమ్మ చెప్పింది. "ఇయ్యాల మశూచి టీకాలాయన వస్తడంట. చెల్లెకు ఏయించు. మరువకు."

అంతకుముందు నాకు వేసిన టీకా పొక్కి, చీము పట్టి, వారం రోజులు జ్వరం కాసింది. ఆ బాధ నా చెల్లెకెందుకు? సర్కారు కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను, పెద్ద మొనగత్తెను మరి. టీకాలాయన గల్లీ మొదట్లో కనబడగానే దాన్ని చంకనేసుకుని పక్కింట్లో దూరాను. పక్కింటి ఖాలాది ఘోషా ఇల్లు, గుమ్మానికి గోనె పరదా. పరాయి మగవాడు దాన్ని ఎత్తి చూడడని నాకు బాగా తెలుసు. మేం ఆడుకుంటున్నామనుకుని ఖాలా పట్టించుకోలేదు. ఆయన మా వాకిట్లో రెండు కేకలేసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి, టీకా పడ్డట్టు కనబడాలని చెల్లె జబ్బకు పసుపు పూశాను. ఇన్నేళ్ళయినా ఆ పసుపు తలుచుకుంటే నా చేతులంటే నాకే రోత.

"ఏసిండా?" అంది అమ్మ.

"ఏసిండు."

వారమైనా ఏమీ పొక్కకపోతే, "దీని అదృష్టం, నీ లెక్క కాలే" అని మురిసిపోయింది.

ఆ ఎండాకాలం గల్లీలో అమ్మవారు పోసింది. చాలామంది పిల్లల్ని చుట్టాల ఊళ్ళకు పంపేశారు. టీకా ఉందన్న ధీమాతో అమ్మ దాన్ని పంపలేదు. వేపాకుల మీద పడుకోబెట్టిన తొమ్మిదో రోజున చెల్లె పోయింది. నేను నోరు తెరవలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో అమ్మది ఒకటే మాట: "టీకా ఏసినా ఆగలే. ఇంకేం జేస్తం." ఆ మాట పట్టుకునే లేచి మళ్ళీ పాలు పిండింది. ఆ ఆసరా తీసేయలేక చెప్పలేదని ఇప్పుడు అనొచ్చు. అబద్ధం. దెబ్బలకు భయపడ్డాను.

రెండేళ్ళకు తమ్ముడు పుట్టాడు. టీకాలాయన మళ్ళీ వచ్చాడు. అమ్మ తలుపు మూసింది. "దానికేస్తే ఏమాయె? వీనికెందుకు ఆ తిప్పలు?"

అప్పుడు చెప్పాను. పరదా సంగతి, పసుపు సంగతి, అంతా. అమ్మ కొట్టలేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని గల్లీ చివరిదాకా ఉరికి టీకా వేయించుకొచ్చింది. ఏడుస్తున్న వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నావైపు చూడకుండా అడిగింది.

"పరదా ఎనక అది ఏడ్సిందా?"

"లేదమ్మా. దాగుడుమూతలనుకుంది. నవ్వుకుంట నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది."

ఆ తర్వాత అమ్మ ఎవరితోనూ 'టీకా ఏసినా ఆగలే' అనలేదు.